ఎవరి ఇంటిగుట్టు? మలించే గురించి ఒక దుబాసీ వాదన

నేను డాలస్‌లో ఒక ఆసుపత్రికి తెలుగు దుబాసీగా పనిచేస్తున్నాను. మా అందరికీ ఇంటర్‌ప్రెటర్ అనే మాటే అలవాటు గానీ, మన భాషలో అంతకంటే పాత మాట ఒకటి ఉండగా, దానికి అంటుకున్న మరకతో సహా దాన్నే వాడుకోవడం నాకిష్టం; ఆ మరక సంగతి తర్వాత వస్తుంది. మా గదిలో స్పానిష్ దుబాసీలు అరడజను మంది ఉంటారు, తెలుగుకు నేనొక్కదాన్నే. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, మెక్సికోలోని చొలూలా నుంచి వచ్చిన సహోద్యోగి ఒకామె తన చెల్లెలి మీద విసుక్కుంది. ఇంటిపక్క దుకాణంలో వాళ్ల ఊరి చీజ్ దొరుకుతుండగా ఆ చెల్లెలు యూరప్ నుంచి వచ్చిన చీజ్ కోసం పది మైళ్లు కారేసుకుని వెళ్తుందట. అంతా చెప్పి చివరకు "వట్టి మలించిస్తా" అని తేల్చేసింది. పక్కనున్న నలుగురూ నవ్వారు. మాట అర్థం కాక నేను నవ్వలేదు. అర్థమయ్యాక కూడా నవ్వు రాలేదు.

స్వదేశపు సరుకూ, మనుషులూ, మర్యాదా అన్నీ తక్కువగా కనిపించి, పరాయిది ఏదైనా సరే ఎక్కువగా కనిపించే మనిషిని మెక్సికోలో మలించిస్తా అంటారు. ఆ జబ్బు పేరు మలించిస్మో. ఈ రెండు మాటలూ మలించే అనే స్త్రీ పేరు మీదుగా పుట్టాయి. ఆమె 1519లో స్పెయిన్ నుంచి దండెత్తి వచ్చిన ఎర్నాన్ కోర్తేస్ దండు వెంట నడిచిన దుబాసీ. మేము ఏ పని చేసి నెలనెలా జీతం తీసుకుంటున్నామో సరిగ్గా ఆ పనే చేసినందుకు ఆమె పేరు ఒక దేశంలో తిట్టుగా స్థిరపడిపోయింది. ఆ సంగతే పైకి అన్నాను. మా సహోద్యోగి చెంచా కింద పెట్టి, కోపం లేకుండానే, "చొలూలాలో పుట్టి ఉంటే నువ్వీ మాట అనవు" అంది.

ఆ ఒక్క వాక్యం పట్టుకుని కొన్ని నెలలపాటు దొరికినంత చదివాను. మలించేను ద్రోహి అనడం అన్యాయమని ఇప్పటికే చాలామంది రాశారు. ఆ గొంతులకు నా గొంతు కలిపినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. నేను చెప్పదలచుకున్నది మరొకటి. ఆమెను ద్రోహిగా నిలబెట్టే ప్రధాన సాక్ష్యం ఏదో, కోర్తేస్‌ను నిర్దోషిగా నిలబెట్టే సాక్ష్యం కూడా అదే. అంటే, దేశభక్తితో ఆమెను తిట్టిపోసేవాళ్లు, తమకు తెలియకుండానే, దండెత్తి వచ్చినవాడు రాసుకున్న వాంగ్మూలాన్ని అక్షరం పొల్లుపోకుండా నమ్ముతున్నారు.

గౌరవంగా పిలిచిన పేరు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏ కాగితం మీదా మిగల్లేదు. కోర్తేస్ దండులో సైనికుడిగా ఉండి, ముసలితనంలో ఆ యుద్ధాల చరిత్ర రాసిన బెర్నాల్ దియాస్ చెప్పిన ప్రకారం, ఆమె కోఅత్సకోఅల్కోస్ వైపు ఒక చిన్న దొర కూతురు. తండ్రి పోయాక తల్లి మారుమనువు చేసుకుని, కొడుకు పుట్టగానే, ఆస్తి ఆ పిల్లవాడికే దక్కాలని కూతుర్ని ఒక రాత్రివేళ షికలాంగో మనుషులకు అప్పగించిందట. అదే సమయంలో చనిపోయిన ఒక దాసి బిడ్డను చూపించి, పోయింది తన కూతురేనని ఊళ్లో నమ్మించిందట. షికలాంగో నుంచి ఆమె తబాస్కో మాయాల చేతికి వెళ్లింది. 1519 మార్చిలో కోర్తేస్ చేతిలో ఓడిన తబాస్కో పెద్దలు అతనికి కానుకగా ఇచ్చిన 20 మంది స్త్రీలలో ఆమె ఒకతె. స్పెయిన్‌వాళ్లు వెంటనే జ్ఞానస్నానం చేయించి మరీనా అని పేరు పెట్టారు, కోర్తేస్ ఆమెను తన అనుచరుడికి ఇచ్చేశాడు, కొన్నాళ్లకు ఆ అనుచరుడిని స్పెయిన్ పంపించేసి తనే ఉంచుకున్నాడు. ఇంతవరకూ ఆమె చరిత్రలో ప్రతి క్రియకూ కర్త మరొకరే.

మరీనా అన్న పేరు, అక్కడి జనభాష నవాత్ల్ మాట్లాడేవారి నోట మలీనా అయింది, ఎందుకంటే ఆ భాషలో ర ధ్వని లేదు. దాని చివర త్సిన్ అని చేర్చారు. అది మన గారు వంటి గౌరవసూచకం. మలింత్సిన్ అంటే మరీనాగారు, లేదా ఇంకా మన పలుకుబడిలో మరీనమ్మగారు. ఆ పిలుపే స్పెయిన్‌వాళ్ల చెవికి మలించే అని వినిపించింది. దాసిగా చేతులు మారిన పిల్లను నోరారా గారు అని పిలిచిన మాట, కాలం గడిచి, జాతి మొత్తానికీ తిట్టుగా మిగిలింది.

మెక్సికోలో అక్కడి జనం కోర్తేస్‌నే మలించే అని పిలిచేవారని బెర్నాల్ దియాస్ రాశాడు. ఆమె ఎప్పుడూ అతని పక్కనే ఉండేది కాబట్టి, మరీనా తాలూకు దొర అన్న అర్థంలో అతనికి ఆ పేరు స్థిరపడిందని అతని వివరణ. మెషీకాల (అజ్టెక్‌ల) చక్రవర్తి మొక్తెసుమా కూడా అతన్ని సెన్యోర్ మలించే అని సంబోధించినట్టే ఆ పుస్తకంలో కనిపిస్తుంది. మాట్లాడేది ఎవరైనా, వినేవాడికి మాట వచ్చేది దుబాసీ నోటి నుంచే. వినేవాడు ఆ నోటికే పేరు పెడతాడు.

నేను అనే మాట

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసిన సంగతి కాదు. మా వృత్తిలో మొదటి నియమం, ఎవరు మాట్లాడితే వారి గొంతుతోనే మాట్లాడాలి. డాక్టరు "నేను ఆపరేషన్ చేస్తాను" అంటే నేను కూడా "నేను ఆపరేషన్ చేస్తాను" అనాలే తప్ప, "ఆపరేషన్ చేస్తానని డాక్టరుగారు అంటున్నారు" అనకూడదు. మొదట్లో ఇది చాలా కృతకంగా అనిపించింది. అలా అయితేనే డాక్టరూ రోగీ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకుంటున్నట్టు ఉంటుందని శిక్షణలో చెబుతారు, అది చాలావరకు నిజమే కూడా.

చాలావరకు అని ఎందుకు అంటున్నానంటే, ఒక పెద్దాయన ఉన్నాడు. వివరాలు మార్చి చెబుతున్నాను. కొడుకు దగ్గరకు వచ్చి ఆరు నెలలైంది, చక్కెర వ్యాధితో కాలికి పుండు పడింది. వీడియోలో డాక్టరు చెప్పిందంతా నియమం ప్రకారం చెప్పాను. చివరలో, "ఈ రెండు వేళ్లూ తీసేయక తప్పదు, రేపు ఉదయం నేనే తీస్తాను" అన్నాను. ఆయన డాక్టరు వైపు చూడలేదు. తెరలో నన్నే చూస్తూ, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. నేను ఆ ప్రశ్నను కూడా ఇంగ్లీషులో చెప్పాను, అదీ నియమమే. డాక్టరు అయోమయంగా తన ఊరి పేరు చెప్పాడు. పెద్దాయన పక్కనున్న భార్య వైపు తిరిగి, నాకు స్పష్టంగా వినపడేలా, "చూశావా, మన పిల్లే, రేపు నా కాలివేళ్లు తీసేస్తానంటంది" అన్నాడు.

మన పిల్లే అన్న మాట దగ్గరే ఉంది ఆ నొప్పంతా. తెల్లకోటు వేసుకున్న పరాయివాడు ఆ మాట చెబితే అది వార్త. తన భాష మాట్లాడే మనిషి చెబితే అది ద్రోహం. ఆ రోజు నుంచి మలించే మీద పడ్డ నిందలో పాతిక వంతు ఈ ముసలాయన చూపేనని నాకు అనిపిస్తూ ఉంటుంది. కోర్తేస్ పరాయివాడు, అతని భాష ఎవరికీ తెలియదు, అతని మీద కోపం రావచ్చు గానీ మనసు విరగదు. ఆ బెదిరింపులూ ఆజ్ఞలూ తేటతెల్లమైన నవాత్ల్‌లో, తమ ఇళ్లలో ఆడపడుచులు మాట్లాడే భాషలో, ఒక ఆడపిల్ల నోట వినిపించాయి.

మీ ఇల్లే అనుకోండి

మొదట్లో ఈ మాటల ప్రయాణం మరీ పొడుగు. కోర్తేస్ స్పానిష్‌లో అన్నది హెరోనిమో దె అగిలార్ మాయా భాషలోకి మార్చేవాడు. ఇతను 1511లో ఓడ పగిలి మాయా దేశంలో చిక్కుకుని ఎనిమిదేళ్లు అక్కడే బతికినవాడు. మాయా మాటలను మలింత్సిన్ నవాత్ల్‌లోకి మార్చేది. జవాబు అదే దారిన వెనక్కి రావాలి. ఆమె త్వరలోనే స్పానిష్ పట్టుకోవడంతో అగిలార్ అవసరం తగ్గింది.

1519 నవంబరు 8న మెషీకాల రాజధాని తెనోచ్తిత్లాన్ ముఖద్వారం దగ్గర మొక్తెసుమా కోర్తేస్‌కు ఎదురొచ్చి మాట్లాడిన మాటలను ఈ దృష్టితో చదవాలి. ఇది నీ ఇల్లు, అలసిపోయి వచ్చావు, నీ ఆసనం నీకోసమే కాపాడి ఉంచాం అన్న ధోరణిలో ఆ స్వాగతం సాగుతుంది. కోర్తేస్ దాన్ని తన రాజుకు నివేదిస్తూ, మొక్తెసుమా రాజ్యాన్ని ఇష్టపూర్వకంగా స్పెయిన్ చేతిలో పెట్టాడని రాశాడు. నవాత్ల్ దొరల మాటతీరు తెలిసిన చరిత్రకారులు మాత్రం అదంతా మర్యాద అంటారు. ఆ మాటతీరులో ఎంత పెద్దవాడైతే అంతగా తనను తగ్గించుకుని మాట్లాడతాడు. ఈ సంగతి మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని "మీ ఇల్లే అనుకోండి" అంటాం. అతను మర్నాడు ఇంటి పత్రాలు అడిగితే, తప్పు ఆ మాటను తర్జుమా చేసినవాళ్లది కాదు.

అయినా నాకొక సందేహం ఉంది. మలింత్సిన్ దొరల ఇంట పుట్టింది కాబట్టే ఆ మర్యాదల భాష ఆమెకు తెలుసని అందరూ మెచ్చుకుంటారు. తెలిస్తే, "ఇది మర్యాదకు అన్న మాట సుమా" అని కోర్తేస్‌కు చెప్పిందా? మాటకు మాట చెప్పి ఊరుకుందా? మాకు ఇలాంటి చోట ఆగి వివరించే హక్కు ఉంది. ఇక్కడ ఒక సాంస్కృతికమైన అపార్థానికి అవకాశం ఉంది అని రెండు వైపులా చెప్పి, మళ్లీ పనిలో పడతాం. బహుశా ఆమె చెప్పే ఉంటుంది, కోర్తేస్‌కే ఆ వివరణ అక్కర్లేకపోయి ఉంటుంది. అప్పటికే తన పై అధికారి అనుమతి లేకుండా దండయాత్రకు దిగినవాడు అతను. రాజుగారి మెప్పు తెచ్చుకోవాలంటే అతనికి స్వాగత వచనం చాలదు, లొంగుబాటు పత్రం కావాలి.

చొలూలాలో జరిగింది

ఇక మా సహోద్యోగి ఊరి సంగతి. చొలూలాలో మహా పిరమిడ్ నెత్తిన ఇప్పుడు రెమేదియోస్ మాత గుడి ఉంది. ఊరికి ఒక దిక్కున పొపొకతెపెత్ల్ అగ్నిపర్వతం, మరో దిక్కున దూరంగా 4,460 మీటర్ల ఎత్తున్న ఇంకో కొండ. ఆ రెండో కొండ పేరు మలించే. "చిన్నప్పుడు మా అమ్మమ్మ మలించే మీద మబ్బు పట్టింది, బట్టలు తియ్యండి అనేది" అని మా సహోద్యోగి చెప్పింది. ఆ ఇంట్లోనే ఆ పేరు తిట్టుగా కూడా చెల్లేది.

1519 అక్టోబరులో మొక్తెసుమా దగ్గరకు పోతూ కోర్తేస్ దండు చొలూలాలో దిగింది. అతని వెంట చొలూలాకు శత్రువులైన త్లస్కలా యోధులు వేలమంది ఉన్నారు. ఊరి పెద్దలనూ జనాన్నీ దేవాలయ ప్రాంగణంలోకి పిలిపించి, దారులు మూసి, నరికారు. రెండు గంటల్లో 3,000 మందికి పైగా చచ్చారని కోర్తేసే రాసుకున్నాడు. అతను చెప్పిన కారణం, చొలూలావాళ్లు రాత్రికి రాత్రి తమను చంపాలని కుట్ర పన్నారనీ, ఆ సంగతి తన దుబాసీకి ఆ ఊరి స్త్రీ ఒకతె చెప్పిందనీ. బెర్నాల్ దియాస్ దాన్నే కథగా పెంచాడు: ఒక దొర భార్య అయిన వృద్ధురాలు మలింత్సిన్‌ను చూసి ముచ్చటపడి, జరగబోయేది చెప్పి, నీ సామాను సర్దుకుని మా ఇంటికి వచ్చెయ్యి, నిన్ను నా కోడలిగా చేసుకుంటాను అందట. ఆమె సరేనని, నగలూ బట్టలూ తెచ్చుకుంటానని వృద్ధురాలిని మాటల్లో పెట్టి, కోర్తేస్ దగ్గరకు వెళ్లి అంతా చెప్పేసిందట.

మలించే ద్రోహం అని ఎవరైనా అన్నప్పుడు వేలెత్తి చూపేది ఈ ఘట్టాన్నే. కథ నిజమైతే నా వాదన ఇక్కడ కుంటుపడుతుందని దాచకుండా ఒప్పుకుంటాను. మేము ప్రతి సంభాషణకూ ముందు, నాకు వినబడిన ప్రతి మాటా అవతలి వారికి చెబుతానని ఇద్దరికీ చెప్పి మొదలుపెడతాం. పని గంటల బయట, ఎవరో ఆప్యాయంగా చెవిలో వేసిన మాటను ఎవరికీ చేరవేయకూడదు. ఆ వృద్ధురాలు దుబాసీతో మాట్లాడలేదు, కాబోయే కోడలితో మాట్లాడింది. దాన్ని మోసుకెళ్లి చెప్పడం దుబాసీ పని కాదు, దానికి మరో పేరుంది. చేతులు మారుతూ వచ్చిన ఆ పిల్లకు జీవితంలో మొదటిసారి ఒక ఇల్లు ఎదురొచ్చి రమ్మంటే, ఆమె ఆ ఇంటినే పట్టిచ్చింది. తన పేరున ఉన్న మొదటి క్రియ అదే అనుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అయితే, కథ నిజమైతే అన్న షరతు అంత తేలిగ్గా దాటిపోయేది కాదు. ఈ కథ వల్ల లాభపడినవాడు ఎవరు? నిరాయుధులను కోవెల ఆవరణలో కోసినందుకు రాజుకు సంజాయిషీ చెప్పుకోవలసిన కోర్తేస్. కుట్ర ఉందంటేనే ఊచకోత ఆత్మరక్షణ అవుతుంది. కుట్ర ఉందనడానికి నమ్మదగిన సాక్షి కావాలి. ఆ సాక్షి అక్కడి భాష తెలిసిన మనిషి అయితే మరీ మంచిది. రాజుకు రాసిన అంత పొడుగు ఉత్తరాల్లో కోర్తేస్ ఆమెను ప్రస్తావించింది రెండే చోట్ల. పేరైనా చెప్పకుండా, ఈ దేశపు ఇండియన్ స్త్రీ అయిన నా దుబాసీ అని మొదటిసారి ఆమెను ముందుకు నెట్టింది ఈ చొలూలా దగ్గరే. భాషలు తెలియని దేశంలో తనను బతికించిన మనిషి అతనికి గుర్తొచ్చింది, సాక్షి అవసరమైనప్పుడు. నవాత్ల్ మాట్లాడే పెద్దలు చెప్పగా సాహగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి పర్యవేక్షణలో రాయించిన వృత్తాంతంలో ఈ వృద్ధురాలు లేదు, కోడలి కథ లేదు. అక్కడ ఎగదోసినవాళ్లు త్లస్కలావాళ్లు. చచ్చినవాళ్ల చేతుల్లో ఆయుధాలు లేవు.

కాబట్టి దేశభక్తుడి ముందు రెండే దారులున్నాయి. కోర్తేస్‌ను నమ్మితే మలించే ద్రోహి. కానీ అప్పుడు చొలూలావాళ్లు నిజంగానే కుట్రదారులు, కోర్తేస్ చేసింది ప్రాణరక్షణ. కోర్తేస్‌ను నమ్మకపోతే అతను హంతకుడు. అప్పుడు మలించే చెప్పిందన్న గుట్టే లేదు. హంతకుడూ ద్రోహీ ఇద్దరూ కావాలంటే ఒకే కాగితంలో పై పేరా నమ్మి కింది పేరా కొట్టేయాలి. ఇదే మాట మా సహోద్యోగితో అన్నాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "కుట్ర ఉన్నా తప్పేముంది? ఇంటిమీద పడ్డవాళ్లను చంపాలనుకోవడం కుట్ర ఎలా అవుతుంది?" అంది. నా తర్కంలో ఆ కంత నాకు కనిపించలేదు. ఊరిని కాపాడుకోవడానికి ఎత్తు వేశారు, ఆమె ఆ ఎత్తు చెప్పేసింది అన్న మూడో దారి ఉంది. కానీ ఆ దారిన పోవాలన్నా, ఎత్తు ఉందని చెప్పినవాళ్లు తిరిగి చంపినవాళ్లే కదా అన్న గుమ్మం దాటాలి.

జాతి తర్వాత వచ్చింది

అసలు ఆమె ఏ జాతికి ద్రోహం చేసినట్టు? 1519లో మెక్సికో అనే దేశం లేదు. కప్పం వసూలుచేసే మెషీకాలు, కప్పం కట్టే ఊళ్లు, కట్టనని తిరగబడ్డ త్లస్కలా వంటి రాజ్యాలు ఉన్నాయి. ఆమె పుట్టిన ఊరివాళ్ల దృష్టిలో మెషీకాలు పక్క ఊరి దొరలే. త్లస్కలావాళ్లు 1550లలో గీయించిన పెద్ద బట్టబొమ్మల్లో ఆమె దాదాపు ప్రతి సన్నివేశంలో మధ్యన నిలబడి ఉంటుంది, కొన్నిచోట్ల కోర్తేస్ కంటే పెద్దగా. ఆ బొమ్మలు వేసినవాళ్లకూ స్వార్థం ఉంది. మేము మీ మిత్రులం సుమా అని స్పెయిన్ రాజుకు గుర్తుచేయడానికి వేయించుకున్నవి అవి. అయినా ఆ బట్ట మీద సిగ్గు కనిపించదు.

సిగ్గు 1821 స్వాతంత్ర్యం తర్వాత వచ్చింది. కొత్త దేశానికి పూర్వీకులు కావలసి వచ్చి, మెషీకాలు అందరికీ తాతలైపోయారు. తాతలు ఓడిపోవడానికి మశూచి, త్లస్కలా సేనలు, ఉక్కు కత్తులు అని చెప్పుకోవడం కంటే ఒక ఆడదాని పేరు చెప్పుకోవడం సులువు. 1826లో ఫిలడెల్ఫియాలో రచయిత పేరు లేకుండా అచ్చయిన ఒక స్పానిష్ చారిత్రక నవలలో ఆమె అప్పటికే మాయలాడి. 1950లో మెక్సికన్ కవి ఒక్తావియో పాస్ మెక్సికన్ల మనస్తత్వం మీద రాసిన వ్యాసాల్లో ఆమెను చెరచబడ్డ తల్లికి ప్రతీకను చేసి, తండ్రిని వెతుక్కుంటూ తనను విడిచిపోయిన తల్లిని బిడ్డ క్షమించనట్టే ఈ జాతి ఆమెను క్షమించలేదని అన్నాడు. గొప్ప రచన, కాదనను. ప్రతీకగా మారిన మనిషికి మళ్లీ ఎముకలూ మాంసమూ రావడం ఎంత కష్టమో చూపించే రచన కూడా అదే.

మనకూ ఇలాంటి లెక్క ఒకటుంది. "ఇంటిగుట్టు లంకకు చేటు" అంటాం. అదే నోటితో విభీషణుణ్ని ధర్మాత్ముడంటాం. కానీ పిల్లవాడికి ఆ పేరు పెట్టుకున్నవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. విభీషణుడు నిండు సభలో అన్నతో వాదించి, తన్ని తగిలేయించుకుని, ఆ తర్వాత సముద్రం దాటాడు. మలింత్సిన్‌కు వాదించే సభ లేదు, తగిలేసే అన్న లేడు. ఆమెను ఇంట్లోంచి తోసేసింది తల్లి, అదీ బిడ్డ చచ్చిందని ఏడుస్తూ. ఇంటి నుంచి గుట్టుగా అమ్మేసిన పిల్ల దగ్గర ఇంటిగుట్టు ఏముంటుంది?

దుబాసీ అన్న మాటకు అంటిన మరక కూడా ఇక్కడే చెప్పాలి. 18వ శతాబ్దపు చెన్నపట్నంలో గవర్నరు జాన్ హాలండ్‌కు దుబాసీగా ఉన్న అవధానం పాపయ్య చక్రం తిప్పి, చివరకు 1792లో కుట్ర కేసులో దోషిగా తేలాడు. గవర్నరు అప్పటికే ఓడెక్కి వెళ్లిపోయాడు. చెన్నైలో పాపయ్య పేరున ఇప్పటికీ వీధి ఉంది, మాటకు మాత్రం చెడ్డపేరు మిగిలింది. దొరల దగ్గరే పనిచేసిన మన ఏలూరి కావలి బొర్రయ్యను, కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీకి దేశభాషల చరిత్రల తలుపు తీసిన, నిండా ముప్పయ్యేళ్లైనా బతకని ఆ పండితుణ్ని, ఎవరూ ద్రోహి అనలేదు. వీళ్లిద్దరి మధ్య ఉన్న తేడాను మనం మనిషికో లెక్కగా చూడగలుగుతున్నాం. మలించే విషయంలో అలా చూడనివ్వనిది ఆమె వృత్తి కాదు, ఆమె కోర్తేస్‌కు కన్న బిడ్డ.

ఆ బిడ్డ మార్తీన్‌ను 1522 ప్రాంతంలో కన్నది. ఆరేళ్లకే తండ్రి వాణ్ని స్పెయిన్ తీసుకుపోయాడు; 1529లో పోపు ఆజ్ఞతో సక్రమ సంతానంగా చేయించి, తర్వాత భార్యకు పుట్టిన కొడుక్కి కూడా మార్తీన్ అనే పేరు పెట్టి, ఆస్తి ఆ రెండోవాడికి ఇచ్చాడు. మొదటి మార్తీన్ పెద్దయ్యాక మెక్సికో తిరిగొచ్చి, 1568లో రాజద్రోహ నేరం మీద స్పెయిన్‌వాళ్ల చేతిలోనే చిత్రహింసలు పడ్డాడు.

మంచి మలించే

1970ల నుంచి ఈ కథను తిరగరాసినవాళ్లలో రొసారియో కస్తెయానోస్ వంటి రచయిత్రులూ, సరిహద్దుకు ఇవతల అమెరికాలో పెరిగిన, మెక్సికన్ మూలాలున్న చికానా స్త్రీవాదులూ ముందున్నారు. రెండు భాషల మధ్య, ఎవరికీ పూర్తిగా చెందకుండా బతికే ఆడవాళ్లు ఆమెలో తమను చూసుకున్నారు. నాకూ ఆ ఆశ ఉంది కాబట్టే జాగ్రత్తపడుతున్నాను. బలిపశువు అంటే ఆమె తెలివి పోతుంది. జాతిమాత అంటే ఆమె అనుభవించిన బలవంతం పోతుంది. పైగా ఆమె లాభపడిన సంగతి ఉంది. 1524లో హోందురాస్ ప్రయాణం దారిలో హువాన్ హరమీయో అనే స్పెయిన్ దొరతో ఆమెకు పెళ్లయింది. షిలోతెపెక్ ప్రాంతపు జనం చాకిరీ మీదా పన్నుల మీదా హక్కు ఆ దంపతుల అధీనంలోకి వచ్చింది. అక్కడి ఓతోమీ రైతులకు ఆమె దొరసాని. దాసిత్వం చూసిన మనిషి మరొకరి చాకిరీ తినకూడదన్న నియమం ఎక్కడా లేదు, ఉండి ఉంటే బాగుండును.

ఆ ప్రయాణంలోనే ఆమె తన తల్లినీ తమ్ముణ్నీ చూసిందట. తమను చంపడానికే పిలిపించిందనుకుని వాళ్లు వణికిపోతే, ఆమె ఓదార్చి, నగలిచ్చి పంపిందనీ, క్రైస్తవురాలిని కావడం, దొరకు కొడుకును కనడం, హరమీయో భార్యను కావడమే తనకు గొప్ప అని అన్నదనీ బెర్నాల్ దియాస్ రాశాడు; తనను అమ్మేసిన అన్నలను ఐగుప్తులో కలుసుకున్న యోసేపుతో పోల్చాడు. నాకు ఈ ఘట్టం ఎంతో ఇష్టం, నమ్మకం మాత్రం సగమే. వేలమంది మాటలు మోసిన మనిషి సొంతమాట ఒక ముసలి సైనికుడి జ్ఞాపకంలోంచి మాత్రమే, అదీ అతనికి నచ్చే మాటగా వినిపించడం మా వృత్తిలోని వాళ్లకు కొంచెం అతిగా పరిచయమైన సంగతి. ఫోనులో పనిచేసేటప్పుడు మేము పేరు కూడా చెప్పం, నంబరు చెబుతాం.

1982లో అధ్యక్షుడు లోపెస్ పోర్తీయో హయాంలో మెక్సికో నగరంలోని కొయొఅకాన్ కూడలిలో కోర్తేస్, మలించే, బిడ్డ మార్తీన్‌ల కంచు విగ్రహాలు పెట్టారు. జనం ఊరుకోలేదు. వాటిని పెద్దగా ఎవరూ వెళ్లని ఒక చిన్న పార్కులోకి మార్చారు. తర్వాత పిల్లవాడి విగ్రహాన్ని ఎవరో ఎత్తుకుపోయారు.

మా సహోద్యోగి ఈ మధ్య ఊరికి వెళ్లొచ్చి, నాకు తినడానికి అమరాంత్ గింజల అచ్చులు తెచ్చింది. చెల్లెలి మాట మళ్లీ వచ్చింది. ఈసారి ఆవిడ కొడుక్కి స్పానిష్ నేర్పించనంటోందట. "అది ఒట్టి..." అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆగింది. అచ్చు ఒకటి కొరికి, నమిలి, మింగి, "ఏమన్నా అనుకో, దీనికి ఇంకో మాట లేదు" అని, ఆ మాటే అంది.